కుడి చెవి హెడ్‌ఫోను

నాకు కోపం ఎక్కువని మా వాళ్ళంతా అంటారు. ఎక్కువే, కాదని నేనెప్పుడూ అనలేదు. అది ఎక్కడ మొదలైందో మాత్రం ఎవరూ అడగరు. అడిగితే చెబుతాను. విజయవాడ గవర్నరుపేటలో ఒక రేడియో షాపులో, కౌంటరు మీద పరిచిన పాత పేపరు దగ్గర మొదలైంది.

డెబ్బైలు సగం దాటిన రోజులు. ఉయ్యూరుకి రెండు మైళ్ళలో ఉండేది మా ఊరు. నేను హైస్కూల్లో సైన్సు టీచర్ని. మా ఆయన చక్కెర ఫ్యాక్టరీలో గుమాస్తా. ఆదివారం చర్చిలో పాట ఎత్తేది నేనే. పాట ఎత్తడమంటే తెలియని వాళ్ళకి చెబుతున్నాను. అయ్యగారు, అంటే మా పాస్టరు, కీర్తన నంబరు చెబుతారు, హార్మోనియం ఒక్క మెట్టు పలుకుతుంది, ఆ వెంటనే మొదటి ముక్క ఒక్కళ్ళే అందుకోవాలి. ఆ ఒక్కళ్ళ వెనకే సంఘమంతా నడుస్తుంది. వాళ్ళు శృతి తప్పితే చర్చి మొత్తం తప్పుతుంది. పెళ్ళయి ఆ ఊరొచ్చిన రెండో నెల నుంచీ ఎనిమిదేళ్ళు నేనే ఎత్తాను. జ్వరమొచ్చినా ఎత్తాను, మా నాన్న పోయిన వారం కూడా ఎత్తాను.

తరవాత నాకు టీబీ వచ్చింది. ఆ మాట అప్పట్లో గట్టిగా అనేవాళ్ళు కాదు. గుసగుసగా, చెయ్యి అడ్డం పెట్టుకుని అనేవాళ్ళు. నెలల తరబడి ఇంజక్షన్లు చేశారు. జబ్బు తగ్గింది, చెవులు పోయాయి. చిన్నప్పుడు చీము కారి ఎడమ చెవి సగమే పనిచేసేది, ఇంజక్షన్లతో అది పూర్తిగా మూతపడింది. కుడి చెవిలో లావుపాటి శబ్దాలు మిగిలాయి, సన్నవి పోయాయి. ఫ్యాక్టరీ కూత వినపడేది, కుక్కరు ఈల వినపడేది కాదు. ఎవరైనా పక్కన కూచుని కుడి చెవి దగ్గర గట్టిగా మాట్లాడితే అర్థమయ్యేది. కానీ టీబీ వచ్చిన మనిషి పక్కన కూచుని చెవిలో మాట్లాడే దాత ఎవరండీ? అందరూ నాలుగడుగుల దూరంలో నిలబడి అరిచేవాళ్ళు. నా చెవుడు సగం ఇంజక్షన్ల వల్ల వచ్చింది, మిగతా సగం ఆ నాలుగడుగుల వల్ల వచ్చింది.

చర్చికి తిరిగి వెళ్ళిన మొదటి ఆదివారం అలవాటు కొద్దీ పాట అందుకున్నాను. హార్మోనియం ఎక్కడ పలికిందో నాకు తెలియలేదు, ఎక్కడో పట్టుకున్నాను. రెండో చరణానికి చుట్టూ చూస్తే ఎవరి నోరూ కదలడం లేదు. నేనొక్కదాన్నే పాడుతున్నాను. ఆ క్షణం గుర్తొస్తే ఇప్పటికీ తల కొట్టేసినట్టుంటుంది.

మరుసటి ఆదివారానికే వేరే అమ్మాయి చేత ఎత్తించారు. క్వయిరు వ్యవహారమంతా ఒక సంఘ పెద్ద చేతిలో ఉండేది. ఖద్దరు చొక్కా, చేతిలో తాళాల గుత్తి, పెద్దమనిషి తరహా. నువ్వు విశ్రాంతి తీసుకోవాలమ్మా అన్నాడు. ఆడవాళ్ళ వైపు ముందు చాప మీద కూచునేదాన్ని, తలుపు పక్కకి మార్చాడు. నాకు గాలి బాగా తగలాలట. గాలి నాకు తగలడానికా, నా గాలి వాళ్ళకి తగలకుండానా? ఆ మాట అక్కడే అడిగుంటే బాగుండేది. అప్పుడింకా నాకు ఇంత నోరు లేదు.

జబ్బు తగ్గిందని డాక్టరు చెప్పి అప్పటికి పద్నాలుగు నెలలు. నాకు కావలసింది ఒక్కటే. ఆ తలుపు పక్క నుంచి లేచి ముందుకెళ్ళి మళ్ళీ పాట ఎత్తాలి. చెవి మిషను పెట్టుకుంటే వినపడుతుందని డాక్టరు అన్నాడు కానీ అది మద్రాసు నుంచి రావాలి, ధర మా శక్తికి మించింది. నేను ఆలోచించాను. నాకు లోకంలో శబ్దాలన్నీ అక్కర్లేదు. హార్మోనియం ఒక్కటి చెవిలో పడితే చాలు. చర్చిలో మైకు సెట్టు ఉంది, దాని ఆంప్లిఫయరుకి ఇయర్‌ఫోను గుచ్చుకునే చిల్లు ఉంది. అందులో ఒక హెడ్‌ఫోను పెట్టి, తీగ చాప దాకా లాగితే? ఆడవాళ్ళం ఎలాగూ చర్చిలో తల మీద ముసుగు వేసుకుంటాం, దాని కింద ఏముందో ఎవరికి తెలుస్తుంది?

అలా ఇద్దరం విజయవాడ వెళ్ళాం. షాపులో హెడ్‌ఫోనులు మూడు రకాలున్నాయి. ఒకటి మరీ బొమ్మలాంటిది, ఒకటి విదేశీది, అద్దాల బీరువాలో తాళం వేసి ఉంది. మేం మధ్యరకం తీసుకున్నాం, బొంబాయిలో తయారైంది. షాపాయన నా మొహం చూడకుండా మా ఆయనతోనే మాట్లాడాడు. పెద్ద పిన్ను తీసేసి మా రేడియోకీ చర్చి సెట్టుకీ సరిపడే చిన్న పిన్ను వేసి, షాపు రేడియోకి గుచ్చి, ఒక వైపు డబ్బాని తన చెవికి ఆనించుకుని, బ్రహ్మాండం అన్నట్టు తలూపి నాకిచ్చాడు. నేను తలకి పెట్టుకున్నాను. ఏమీ లేదు. సౌండు పెంచమన్నాను. అప్పుడూ ఏమీ లేదు. ఈలోపు మా ఆయన షాపాయనకి నా జబ్బు కథ చెప్పినట్టున్నారు. నేను హెడ్‌ఫోను తీసి ఇవ్వబోతే షాపాయన చెయ్యి చాచినట్టే చాచి వెనక్కి లాక్కున్నాడు. కౌంటరు మీద ఒక పాత పేపరు పరిచి, దాని మీద పెట్టమని వేలితో చూపించాడు.

పెట్టాను. ఎందుకు పెట్టానో నాకే తెలియదు. దాన్ని మళ్ళీ ముట్టుకోకుండానే మా ఆయనకేదో చెప్పి, తన చెవి తట్టుకుని, చెయ్యి అడ్డంగా ఊపాడు. సామాను బాగుంది, మీ ఆవిడ చెవులే బాగాలేవు అని. అది అర్థం చేసుకోవడానికి చెవులక్కర్లేదు. ఒకసారి పెట్టుకున్నది వెనక్కి తీసుకోనని కూడా అన్నాడట. మా ఆయన ఆ పేపరుతోనే దాన్ని చుట్టి, బస్సులో ఒళ్ళో పెట్టుకోకుండా కిటికీ పక్క కొక్కేనికి తగిలించారు.

ఇంటికొచ్చాక అది మూడు వారాలు వంటింటి మేకుకి వేలాడింది. రోజూ రేడియోకి తగిలించి పెట్టుకునేదాన్ని, ఏమీ వినపడేది కాదు. ఇంకేం, ఫ్యాక్టరీ కూతకి తప్ప నా కుడి చెవి కూడా పోయిందనుకున్నాను. మా వాడలో ఎవరింట్లో కొత్త వస్తువొచ్చినా పదిమంది వచ్చి తిప్పి చూడకుండా ఊరుకోరు. కుక్కరు కొన్నప్పుడు దాని మూత నా చేతికి తిరిగి రావడానికి సాయంత్రమైంది. దీన్ని మాత్రం ఒక్కళ్ళూ ముట్టుకోలేదు. వీళ్ళకి దీని మీద సరదా లేదు కాబోలు అనుకున్నాను. ఎంత అమాయకురాలిని!

ఒక శనివారం మధ్యాహ్నం విసిగిపోయాను. ఇక ఇది నాకు పనికిరాదు, ఊడదీసి అయస్కాంతం, తీగచుట్ట పదో తరగతి పిల్లలకి పాఠంలో చూపిద్దామనుకున్నాను. స్క్రూ విప్పేముందు ఎందుకో చివరిసారి రేడియోకి గుచ్చి, ఆ విసురులో చూసుకోకుండా తలకి తగిలించుకున్నాను. తిరగేసి పెట్టుకున్నానని అప్పుడు నాకు తెలియదు. కుడి చెవిలో ఒకాయన వరికి దోమపోటు తగిలితే పొలంలో నీళ్ళు ఎప్పుడు తీసెయ్యాలో చెబుతున్నాడు.

కదలకుండా కూచుని మొత్తం విన్నాను. సెంటు భూమి లేనిదాన్ని, దోమపోటు గురించి అంత శ్రద్ధగా విన్న మనిషి ఆ రోజు డెల్టాలో ఇంకొకళ్ళు ఉండి ఉండరు. తరవాత తీసి చూశాను. ఎడమ అని గుర్తున్న డబ్బా కుడి చెవి మీద ఉంది. సరిగ్గా పెట్టుకుంటే నిశ్శబ్దం, తిరగేస్తే మాట. సైన్సు టీచర్ని కదా, నిమిషంలో తెలిసిపోయింది. ఆ హెడ్‌ఫోనుకి రెండు చెవులకీ రెండు వేరు వేరు దారులున్నాయి. మా రేడియోకి ఉన్నది ఒక్కటే దారి. షాపాయన వేసిన పిన్నుతో శబ్దమంతా ఎడమ డబ్బాకే వెళుతోంది, అంటే నా చచ్చిన చెవిలోకి. ఆయన ఆ డబ్బానే చెవికి ఆనించుకుని బ్రహ్మాండం అన్నాడు.

నా చెవి పోలేదు. సంతోషంతో ఏడవాలి. ఏడవలేదు, ఇంకో సంగతి తట్టింది. రెండు చెవులూ ఉన్న మనిషి ఎవరైనా సరే, ఒక్కసారి, ఒక్క క్షణం దీన్ని తలకి పెట్టుకుని ఉంటే, ఒక వైపే వినపడుతోందేమిటని అడిగి ఉండేవాళ్ళు. మూడు వారాల్లో ఒక్కళ్ళూ పెట్టుకోలేదు. నేను పెట్టుకున్నదని పెట్టుకోలేదు. పక్కింటి వాళ్ళ సంగతి సరే. నాతో ఒకే కప్పు కింద ఉంటున్న మనిషి?

సాయంత్రం ఆయన రాగానే అడిగాను.

"దీన్ని మీరు ఒక్కసారైనా చెవులకి పెట్టుకుని చూశారాండీ?"

"నాకెందుకు? నా చెవులు బాగానే ఉన్నాయిగా" అన్నారు గుమ్మంలోనే నిలబడి, గట్టిగా.

అరికాలి మంట నెత్తికెక్కింది. కానీ ఏమనను? ఏడాదిన్నర పాటు పదిహేను రోజులకోసారి బస్సెక్కి విజయవాడ వెళ్ళి నా మందులు తెచ్చిన మనిషి. తనకి పాలు మానుకుని నాకు పోసిన మనిషి. చెడ్డవాడైతే నాలుగు తిట్టి నా దారిన నేను ఊరుకునేదాన్ని. మంచివాడు. మంచివాడు కూడా ఇంతేనా అన్నదే నా కడుపుమంట.

ఆ మంట పని మీద పెట్టాను. స్కూలు లాబ్‌లో ఉన్న, తీగలు అతికే టంకం కర్ర ఇంటికి తెచ్చుకున్నాను. ముందు రెండు దారుల్నీ కలిపి ఒకటి చేశాను. అప్పుడు రెండు డబ్బాలూ మోగాయి కానీ ఎడమది నాకు దండగ, సగం బలం అదే తింటోంది. దాని తీగలు ఊడబీకి, లోపలి స్పీకరు తీసి పదో తరగతి పాఠానికి ఉంచాను. ఇక వచ్చేదంతా కుడి చెవికే వచ్చింది.

వచ్చింది కానీ రేకు డబ్బాలో గులకరాళ్ళు ఆడించినట్టు వచ్చింది. నాకేమో సన్న శబ్దాలు అందవు, లావువే కావాలి. మధ్యరకం సామానులో అవే తక్కువ. వెనక మూత విప్పి చూస్తే లోపలంతా బోలు, పలచని ప్లాస్టిక్కు, వేలితో కొడితే అదే మోగుతోంది. దిండు విప్పి బూరుగు దూది తీసి కూరాను. మొదటిసారి ఎక్కువైపోయింది, వార్తలు చదివే ఆవిడ ముక్కు మూసుకుని చదువుతున్నట్టు వినపడింది. చిటికెడు చిటికెడు లాగేస్తూ, వార్తలొచ్చిన ప్రతిసారీ విని చూస్తూ నాలుగు రోజులు పట్టింది. వెనక ఉన్న ఆరు చిల్లుల్ని కొవ్వొత్తి మైనంతో పూడ్చాను. గొంతులు బావిలోంచి వచ్చినట్టయ్యాయి, కాల్చిన సూదితో రెండు చిల్లులు మళ్ళీ తెరిచాను. అప్పుడు సరిపోయింది.

ఇంకా ఎక్కడో లావు శబ్దం కారిపోతోంది. అది పట్టుకోవడానికి వారం పట్టింది. నా చెవి దుద్దు! రాయి దుద్దు డబ్బా అంచున ఉన్న మెత్తని చెవికి ఆననివ్వడం లేదు, ఆ సందులోంచి సగం శబ్దం బయటికి పోతోంది. దుద్దు తీసేస్తే సరి. కానీ బోసి చెవితో చర్చికెళితే దాని మీద ఇంకో పుకారు పుడుతుంది, ఉన్నవి చాలవా? రెక్సిను మెత్త కోసి పారేసి, పాత ముఖమల్ జాకెట్టు చేతుల గుడ్డతో, బూరుగు దూదితో, బిందె కింద పెట్టుకునే చుట్టకుదురు లాంటిది చిన్నది కుట్టాను. దుద్దు వచ్చే చోట కొంచెం గుంట వదిలాను. పెట్టుకోగానే చుట్టూ అతుక్కుంది. రేడియోలో హార్మోనియం వచ్చేదాకా కాచుకు కూచున్నాను. వచ్చింది. మెట్టు మెట్టూ తెలిసింది. అప్పుడు మాత్రం ఏడ్చాను.

ఈ పనంతా వసారాలో, అందరూ చూస్తుండగానే చేశాను. పొగ వస్తోందని తొంగి చూసిన పక్కింటావిడ, మీ ఆయన చేసిస్తున్నారా అని దూరం నుంచే అరిచింది. టంకం కర్ర నా చేతిలో ఉంది, మా ఆయన ఫ్యాక్టరీలో ఉన్నారు. ఏం చెప్పమంటారు?

మళ్ళీ పాట ఎత్తుతానని సంఘ పెద్దతో చెప్పించాను. దేవుడి సన్నిధిలో ఆ తీగలేంటి, టెలిఫోను ఆఫీసా అన్నాడట. అయ్యగారు మెత్తని మనిషి. ముసుగు కింద ఉండేదానికి మనకేం, శనివారం క్వయిరు ప్రాక్టీసుకి రమ్మనండి, చూద్దాం అన్నారు. ఆ ఒక్క శనివారం మీద నా బతుకంతా ఆధారపడినట్టు ఎదురుచూశాను. అక్కడ తప్పితే మళ్ళీ అడిగే మొహం నాకుండదు.

శనివారం మధ్యాహ్నం మూడింటికి చర్చిలో ఇరవై మందిదాకా ఉన్నారు. మా ఆయన కూడా వచ్చారు. సంఘ పెద్ద మైకు సెట్టు పెట్టె తాళం తీశాడు. తీగ నేనే గుచ్చుకున్నాను. హెడ్‌ఫోను తలకి పెట్టుకుని ముసుగు సర్దుకుని ముందు చాప మీద నిలబడ్డాను. నా పక్కనున్న ఇద్దరు కొంచెం జరిగారు. జరగనీ అనుకున్నాను. మైకు హార్మోనియం పక్కనే ఉంది. దాని దగ్గర మాట్లాడినవన్నీ నా చెవిలో పడుతున్నాయి. "ఆవిడకి రెండు చరణాలు చాలు, మొహమాటానికి" అన్నాడు సంఘ పెద్ద, హార్మోనియం వాయించే అతనితో. నాకు వినపడదన్న ధీమా.

హార్మోనియం పలికింది. అందుకున్నాను. అందుకుంటూనే నాకు తెలిసిపోయింది, సరిగ్గా దాని మీదే పడ్డాను. వెనక నుంచి ఒక గొంతు కలిసింది, తరవాత నాలుగు, తరవాత అందరూ. ఆ పెద్దమనిషి చెప్పిన రెండు చరణాలతో ఆపలేదు, ఐదూ పాడించాను. చివరి చరణానికి పక్కకి జరిగిన ఇద్దరూ మళ్ళీ నా దగ్గరికొచ్చారు. కావాలని కాదు, పాటలో అలా వస్తారు.

సంఘ పెద్ద మైకు దగ్గరే నిలబడి, రేపటి నుంచి టీచరమ్మే ఎత్తుతుంది అని అందరికీ చెప్పాడు. గెలిచాను. అక్కడితో ఆగి ఉంటే ఈ వ్యాసం రాసేదాన్ని కాదు. ఆ పెద్దమనిషి మా ఆయన వైపు తిరిగి, భలే తయారు చేశావయ్యా, మా నాన్నకి కూడా ఒకటి చేసిపెట్టాలి అన్నాడు. మా ఆయన కాదనలేదు. తలొంచుకుని నవ్వారు, వినయంగా.

ముసుగు తీశాను. హెడ్‌ఫోను తీసి, ముందు మీరు పెట్టుకుని చూడండి, మీ నాన్నగారికి సరిపోతుందో లేదో అంటూ సంఘ పెద్ద ముందు పెట్టాను. రెండు చేతులూ ఎత్తి వెనక్కి ఒకడుగు వేశాడు. వద్దన్నాడని పెదాల్లో తెలుస్తూనే ఉంది. ఇరవై మందీ చూస్తున్నారు. మా ఆయన వైపు తిరిగాను.

"మీరు పెట్టుకోండి. మీరే చేశారుగా."

తీసుకున్నారు. ఆ మాత్రం తీసుకున్నందుకే ఆశపడ్డాను, ఎందుకు అబద్ధం చెప్పాలి. కుడి డబ్బాని, నేను కుట్టిన ముఖమల్ మెత్తని వేలితో తడిమి చూశారు. తరవాత జేబులోంచి రుమాలు తీశారు. తీసి తుడవడం మొదలుపెట్టారు. తాను ఏం చేస్తున్నారో ఆయనకే తెలియదు, అంత అలవాటుగా తుడుస్తున్నారు.

"తుడవక్కర్లేదండీ" అన్నాను. చర్చి చివరిదాకా వినపడేలాగే అన్నాను. "నా జబ్బు పోయిందని డాక్టరు నాతో చెప్పలేదు. నాకు వినపడదని మీతో చెప్పాడు. 'నీకిక ఏమీ లేదు' అని కాయితం మీద రాసి నాకు చూపించింది మీరే."

రుమాలు ఆగింది. మా ఆయన తలెత్తి నా వైపు చూశారు. మొహం ఎర్రబడింది. తరవాత మాట్లాడడం మొదలుపెట్టారు. చాలాసేపే మాట్లాడారు, చుట్టూ ఉన్నవాళ్ళు ఒక్కొక్కళ్ళే తలలు దించుకున్నారు. హెడ్‌ఫోను ఆయన చేతిలోనే ఉంది. నాకు ఒక్క ముక్కా వినపడలేదు. మళ్ళీ చెప్పమని నేను అడగలేదు.